నీళ్ళు రాని ఇల్లు

పియానో వరద వచ్చిన మరుసటి ఏడు జరిగింది ఇది.

మా వాగు పొడుగునా ఏళ్ళని అంకెలతో చెప్పరు, వరదలతో చెబుతారు. ఏది కొట్టుకుపోతే దాని పేరు పెడతారు. ఆవుల వరద, వంతెన వరద, బడి వరద. బడి వరద వచ్చినప్పుడు నేను మూడో తరగతి. మళ్ళీ బడి కట్టేసరికి నాకు గడ్డం వచ్చింది. ఈమధ్య వచ్చినప్పుడు చర్చిలోని పియానో తేలుకుంటూ పోయి, కింద రెండు మలుపుల అవతల ఒక చెట్టు పంగలో ఇరుక్కుంది. అందుకని పియానో వరద. ఇంత చేసిన వాగు పేరు ఎండువాగు. పేరు పెట్టినవాడు ఏ ఆగస్టులోనో వచ్చి చూసిపోయి ఉంటాడు.

ఆ వరదలో మా చెల్లెలు వెర్నా ఇల్లు పోయింది. గోడలు నిలబడే ఉన్నాయి గాని కిటికీల దాకా బురద. దాన్ని ఇల్లనడం మర్యాదకే. తర్వాత కూలగొట్టే యంత్రం వచ్చి ఆ మర్యాద కూడా తీసేసింది. వెర్నా పట్నం వెళ్ళి మా పెదనాన్న కూతురు మాక్సీన్ ఇంట్లో వెనక గదిలో చేరింది. మా బావ డెన్వర్ మాత్రం కదల్లేదు. "ఇది మా నాన్న మట్టి" అని పొలం మూలన ఉన్న పొగాకు కొట్టంలో మడతమంచం వేసుకున్నాడు. నా ఇల్లు పైన గట్టు మీద ఉంది. అక్కడికి నీళ్ళు రావాలంటే ముందు సగం కెంటకీ రాష్ట్రం మునగాలి. కానీ అది ఒంటిగది. నేనూ పొయ్యీ పడతాం అందులో.

అలా ఏడాది గడిచాక, పట్నంలో ముసలివాళ్ళ కోసం కట్టిన కొత్త వాటాల్లో ఒకటి వెర్నాకి వచ్చింది. మూడో అంతస్తు. సెప్టెంబరు ఆఖరి సోమవారం లోపల ఔనో కాదో చెప్పమన్నారు.

"మూడో అంతస్తులో నేనేం చెయ్యను? కిటికీలోంచి కిందికి ఉమ్మనా?" అన్నాడు డెన్వర్.

"నువ్వు రాకపోతే మానె. నేను పోతా," అంది వెర్నా. "లేదంటే నీళ్ళు లోపలికి రాని ఇల్లొకటి చూపించు. మర్నాడే మూట కట్టుకొస్తా. చూపించలేకపోతే నేనక్కడ, నువ్విక్కడ. ఆదివారం ఆదివారం చర్చిలో కనబడదాం."

ఆవిడ ఒకసారి అన్నదంటే అన్నట్టే. మా అమ్మ పోలిక. డెన్వర్ నవ్వాడు గాని, ఆ రాత్రి మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుని, ఒక్క ముద్ద కూడా తినకుండా గిన్నె కుక్క ముందు పెట్టాడు. నలభై ఏళ్ళ కాపురం. ఆవిడ లేకపోతే చొక్కాకి ఎన్ని గుండీలుంటాయో కూడా అతనికి తెలీదు.

వారం తిరక్కుండా డెన్వర్ ఒక ట్రైలరు కొన్నాడు. పికప్ వెనక తగిలించుకుని సెలవుల్లో ఊళ్ళు తిరుగుతారే, ఆ రకం. లోపల పొయ్యి, మంచం, బల్ల, స్నానాలగది, అన్నీ బొమ్మరిల్లులో ఉన్నట్టు ఉంటాయి. పాతది. పొరుగు జిల్లాలో ఎవడో అమ్మాడు. నా పికప్‌తోనే లాక్కొచ్చాం.

"చుక్క నీరు ఎరగదట బావా," అన్నాడు దారిలో.

నేను అద్దంలోంచి వెనక ఊగుతున్న ట్రైలరు కేసి చూశాను.

తలుపు తీస్తే గుప్పున దేవదారు వాసన. ప్రతి కొక్కేనికీ ఒక సువాసన అట్ట వేలాడుతోంది.

"చూశావా? అడవిలో ఉన్నట్టు లేదూ?"

"ఉంది," అన్నాను. లోపల అడుగు పెట్టాను. గుమ్మం దగ్గర నేల నా కాలి కింద పాలల్లో నానిన రొట్టెలా దిగింది.

"మెత్తగా ఉంది బావా."

"తివాచీ మంచిది."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మూలన గోడకి ఆనించాను. పొడవలేదు, ఆనించానంతే. పిడి దాకా పోయింది. బయటికి తీస్తే దాని వెంట నల్లటి నీళ్ళు చెంచాడు కారాయి. డెన్వర్ ఆ నీళ్ళకేసి చూశాడు. పై నుంచి వేలాడుతున్న అట్టలకేసి చూశాడు.

"ఆ మూల ఒక్కటే అయ్యుంటుంది," అన్నాడు.

నీళ్ళకి ఇల్లు పోగొట్టుకున్న మనిషి, నీళ్ళు అప్పటికే సగం తినేసిన ఇల్లు వెతికి మరీ కొనుక్కొచ్చుకున్నాడు. ఆ మాట నేను పైకి అనలేదు. అమ్మినవాడు ఎలాగూ తిరిగి తీసుకోడు.

ఒక్క మేకు పీకకముందే డెన్వర్ చేసిన పని ఏమిటంటే, ట్రైలరుని పాత ఇంటి పునాది మీదికి ఎక్కించి, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీయడం.

"చక్రాలెందుకు తీయడం?" అన్నాను.

"చక్రాలుంటే బండి అంటారు. వెర్నా ఇల్లడిగింది, బండి అడగలేదు."

చక్రాలు కొట్టంలో పడేశాడు. నాలుగు మూలలా ఇనుప గొలుసులు వేసి నేలలోకి దిగ్గొట్టాడు. అక్కడినుంచి వాగు ఒడ్డు ఒక పిల్లాడు రాయి విసిరినంత దూరం.

ఆ ఎండాకాలమంతా మా ఇద్దరికీ అదే పని. అంచుల్లో అల్యూమినియం పట్టీలు విప్పి గోడ రేకు వెనక్కి ఒలిస్తే, లోపలి కర్రలు చేత్తో తీస్తే వచ్చేశాయి. రంపం అక్కర్లేదు. గరిట ఉంటే చాలు. చలికి అడ్డంగా కూరిన దూది నీళ్ళు తాగి పందిపిల్లంత బరువెక్కింది. డెన్వర్ ఒక్కొక్క మూలా విప్పుతూ "ఈ మూల ఒక్కటే" అనేవాడు. మొత్తం నాలుగు మూలలే ఉండబట్టి ఆ మాట అక్కడితో ఆగింది. కప్పు విప్పాక నేల విప్పాం, నేల విప్పాక గోడలు విప్పాం. ఒక దశలో పొయ్యీ, బల్లా, కిటికీలూ గడ్డి మీద ఉన్నాయి, ట్రైలరు ఉన్నచోట దాని ఇనుప చట్రం ఒక్కటే ఉంది.

దారిన పోయే ప్రతివాడూ పికప్ ఆపేవాడు.

"డెన్వర్! కడుతున్నావా, కూలగొడుతున్నావా?"

"నువ్వు దిగి సాయం పడితే కట్టినట్టు, అక్కడే కూర్చుంటే కూలగొట్టినట్టు."

"అయితే కూలగొట్టు," అని పోయేవాళ్ళు.

కొత్త కర్రలు వేశాం. కొత్త ప్లైవుడ్ నేల వేశాం. కప్పు మీద రబ్బరు తెల్లగా పూశాను, పూసి ఆరనిచ్చి మళ్ళీ పూశాను. కప్పు నా వంతు, కిటికీలు డెన్వర్ వంతు. అక్కడే అతనికి ఒక జబ్బు పట్టుకుంది. గొట్టంలో వచ్చే రబ్బరు లప్పం పెట్టెలు పెట్టెలు తెచ్చాడు. చిల్లు కనబడితే చాలు, మూసేయడమే. స్క్రూ తల కనబడితే మూసేయడం. అతుకు కనబడితే మూసేయడం. ఒకరోజు తాళం పెట్టబోతే తాళంచెవి దూరలేదు.

"తాళంచెవి కన్నం కూడా మూశావేంటి బావా?"

"అందులోంచి మాత్రం నీళ్ళు రావా?"

ఆ సాయంత్రం కూర్చుని సూదితో తవ్వి తీశాం.

సెప్టెంబరు మొదటి వారానికి ట్రైలరు నిలబడింది. బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. వెర్నాకి ఇష్టమని డెన్వర్ కిటికీలకి పసుపు గళ్ళ తెరలు కట్టించాడు. బల్ల పక్క సోఫాకి కొత్త గుడ్డ వేయించాడు. అంతా సిద్ధమే, ఒక్క వాన తప్ప.

వెర్నాకి ఫోను చేశాడు. "వచ్చి చూడు, చుక్క రాదు."

"నువ్వు చెబితే సరిపోదు," అంది వెర్నా. "అమ్మినవాడూ నీతో అదే చెప్పాడు."

వానలో చూపించి తీరాలని డెన్వర్ పట్టు. వాన మాత్రం జూలైలో వెళ్ళింది వెళ్ళినట్టే ఉంది. ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉండేది. ఎండువాగు పేరు నిలబెట్టుకుంటూ రాళ్ళ మధ్య సన్నగా పాకేది. డెన్వర్ రోజూ పొద్దున్నే కొట్టం బయటికి వచ్చి పడమటి కొండకేసి చూసి, బూతు ఒకటి అని లోపలికి పోయేవాడు.

గడువుకి ఎనిమిది రోజుల ముందు, ఆదివారం చర్చిలో, ప్రార్థన విన్నపాలు చెప్పుకునే వేళ అయింది. ఒకావిడ మోకాళ్ళ కోసం అడిగింది. ఒకాయన మనవడి ఉద్యోగం కోసం అడిగాడు. అప్పుడు డెన్వర్ లేచాడు.

"నాకో వాన కావాలి," అన్నాడు.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ళలో కిందటేడు మంచం పోయినవాళ్ళున్నారు, కోళ్ళు పోయినవాళ్ళున్నారు, ఇల్లు పోయి కొడుకింట్లో తలదాచుకున్నవాళ్ళున్నారు. పియానో ఉండాల్సిన చోట గోడ మీద నీటి గీత ఇంకా ఉంది.

పాస్టరు హోబర్ట్ కళ్ళజోడు తీశాడు. "ఎలాంటి వాన, సహోదరా?"

"గట్టిది. పక్కనుంచి గాలి కూడా ఉంటే మంచిది."

"కూర్చో డెన్వర్," అంది ముందు వరసలో ఒక ముసలావిడ. "పైనున్నాయనకి వినబడుతుందేమో!"

"నా ట్రైలరు పరీక్ష చేసుకోవాలి పాస్టరు గారూ. మా ఆవిడ రావడం దాని మీదే ఉంది."

వెర్నా అవతలి వరసలో మాక్సీన్ పక్కన కూర్చుంది. మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

పాస్టరు కళ్ళజోడు చొక్కాకి తుడుచుకున్నాడు. "ట్రైలరు పొడుగెంత?"

"ఇరవై రెండడుగులు."

"ప్రభువా," అన్నాడు పాస్టరు కళ్ళు మూసుకుని, "మా సహోదరుడి మీద కనికరించి, ఇరవై రెండడుగుల మేర వాన కురిపించు. ఆ కొలత దాటనివ్వకు." ఆమెన్ అంత గట్టిగా ఆ చర్చిలో నేనెప్పుడూ వినలేదు.

దేవుడు కొలత వరకే విన్నట్టున్నాడు, వాన సంగతి వినలేదు. శుక్రవారం దాకా చుక్క పడలేదు. గడువు సోమవారం. అప్పుడు డెన్వర్ రాండల్‌ని పట్టుకున్నాడు. రాండల్ మా వాగు మీద మంటలార్పే బండి నడుపుతాడు, జీతం లేని పని. ఆ ఏడు ఎక్కడా మంటలు లేక కుర్రాళ్ళకి చేతులు దురదగా ఉన్నాయి.

"బాబాయ్, వాన కావాలన్నావుగా, నేనిస్తా," అన్నాడు రాండల్. "గాలి కూడా ఇస్తా."

శనివారం మధ్యాహ్నం వెర్నాని మాక్సీన్ కారులో దింపింది. వెర్నా చుట్టూ ఒకసారి చూసింది. పునాది కేసి చూసింది, గొలుసులకేసి చూసింది, లోపలికొచ్చింది. పసుపు తెరలు వేళ్ళతో తాకింది.

"బాగా చేశావయ్యా," అంది. ఆ మాటకి డెన్వర్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనొక్కణ్ణే కాదు. మీ అన్న కూడా."

"అన్నయ్య సంగతి తెలుసులే. మాట ఖర్చు లేకుండా ఒళ్ళు ఖర్చు పెడతాడు."

డెన్వర్ ఆవిణ్ణి కిటికీ పక్క సోఫాలో కూర్చోబెట్టాడు. కాఫీ పోసి ముందు పెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. రాండల్ కుర్రాళ్ళు లావుపాటి గొట్టం ఒకటి లాక్కుపోయి వాగు మడుగులో వేశారు. బండి గురగురమంది. కప్పు మీద ఒక్కసారిగా దడదడ మొదలైంది.

నిజం వానైతే అంత జోరుగా పడదు. కప్పు మీద పడి, గోడల మీంచి జారి, కిటికీల ముందు నీళ్ళ తెరలా దిగింది. డెన్వర్ తల పైకెత్తి కప్పు కేసి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. పొడి. ఎండిన ఎముకంత పొడి.

"విన్నావా?" అన్నాడు డెన్వర్.

"ఏం వినమంటావు? లోపల చుక్క పడ్డ చప్పుడు లేదు," అంది వెర్నా.

"అదే! అదే వినమంటున్నా!"

అప్పుడు వెర్నా మోచెయ్యి ఎత్తి చూసుకుంది. తడిసింది. కిటికీ కింది గాడి నిండి, నిండు గిన్నెలా వణికి, అంచు పొర్లి, కొత్త గుడ్డ మీదినుంచి ఆవిడ ఒళ్ళోకి ధార కట్టింది. డెన్వర్ "అయ్యయ్యో" అంటూ పరిగెత్తుకెళ్ళి లప్పం గొట్టం తెచ్చాడు.

"ఆగవయ్యా. ఇంకేం మూస్తావు?" అంది వెర్నా. వంగి ఆ గాడి చూసింది. "ఈ చట్రానికి అడుగున సన్న బెజ్జాలుండాలి. ఏవీ?"

"మూసేశా. ప్రతి కిటికీకీ ఉన్నాయి! చేసినవాడు ఎంత అశ్రద్ధగా చేశాడో."

"అవి నీళ్ళు బయటికి పోవడానికి పెడతారు, నా తండ్రీ."

జుట్టులోంచి పిన్ను తీసి గుచ్చింది. నాలుగుసార్లు తిప్పేసరికి రబ్బరు ఊడింది. గాడిలో నీళ్ళు గుటకేసినట్టు దిగి బయటికి పోయాయి. ఇక ఎంత కొట్టినా లోపలికి రాలేదు. డెన్వర్ ఆ కన్నం కేసి, పిన్ను కేసి, పెళ్ళాం కేసి చూశాడు. మొహం విప్పారింది.

"మిగతావి రేపే తీసేస్తా. అంతే కదా! చూశావుగా, నీళ్ళు రాని ఇల్లు. అడిగావు, ఇచ్చాను. ఎప్పుడొస్తున్నావు?"

వెర్నా తడిసిన గౌను పిండుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. కుర్రాళ్ళ గొట్టం వాగులోకి పోయి ఉంది.

"ఆ నీళ్ళు ఎక్కడివి?"

"వాగువే. ఇంకెక్కడ ఉన్నాయి?"

"ఏ వాగుకి భయపడి నేను పట్నం పోయానో, ఆ వాగుని గొట్టం పెట్టి తోడి నా నెత్తిన పోశావన్న మాట." గట్టిగా అనలేదు. "డెన్వర్, ఆ రోజు మన ఇంటి కప్పు కారిందా?"

"మన కప్పా? నా చేత్తో వేశాను. చుక్క కారలేదు."

"కారలేదు. నాకు తెలుసు. పడవ వచ్చేదాకా దాని మీదే కూర్చున్నాను."

డెన్వర్ చేతిలో లప్పం గొట్టం తలకిందులుగా ఉంది. తెల్లగా ముద్ద కారి బూటు మీద పడింది. చూసుకోలేదు.

"నీళ్ళు లోపలికి రాని ఇల్లు అన్నాను. నువ్వు పైకి చూశావు. ఎండాకాలమంతా పైకే చూశావు. నీళ్ళు మన ఇంటికి పై నుంచి వచ్చాయని నీకెవరు చెప్పారయ్యా?"

"ఇది మా నాన్న మట్టే, వెర్నా."

"మీ నాన్న మట్టి ఎప్పుడో ఒహాయో నదిలో కలిసింది. ఇప్పుడు నువ్వు నిలబడింది వాగు ఎగువనుంచి కొట్టుకొచ్చిన కాంబ్స్ వాళ్ళ మట్టి మీద. అటు చూడు, వాళ్ళ టమాటాలు మొలిచాయి."

నిజమే. మెట్టు పక్కన టమాటా మొక్కలు మూడు నాలుగు కాయలతో ఉన్నాయి. ఎవరూ నాటలేదు. డెన్వర్ వాటిని ఇన్నాళ్ళూ తనవనుకుని కోసుకు తిన్నాడు.

బయటినుంచి రాండల్ అరిచాడు. "బాబాయ్, ఇంకా కొట్టమంటావా, చాలా?"

"చాలు," అన్నాను నేను.

వెర్నా తలుపు దగ్గర ఆగింది. "ఇల్లు బాగుంది. అబద్ధం కాదు. ఇక్కడుండటమే బాగాలేదు. వాళ్ళకి సోమవారం చెప్పాలి అన్నయ్యా." ఆ ఆఖరి మాట నాతో ఎందుకందో అప్పుడు అడగలేదు. కారెక్కి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేదాకా డెన్వర్ మెట్టు మీదే కూర్చున్నాడు. మేమిద్దరం చల్లారిన కాఫీ తాగాం. తడిసిన సోఫా మెత్తలు గొలుసు మీద ఆరేసి ఉన్నాయి. వాగు రాళ్ళ మధ్య సన్నగా, బుద్ధిగా పోతోంది. దాన్ని చూస్తే దోమ కూడా భయపడదు.

"బావా," అన్నాడు చివరికి. "ఆ చక్రాలు?"

"కొట్టంలో."

"గాలుందా వాటిలో?"

"కొడితే ఉంటుంది."

"కొట్టి?" అన్నాడు. "కొట్టి ఎక్కడికి లాగను? ఎత్తున నాకు చెప్పుకోవడానికి చారెడు నేల లేదు. ఎవణ్ణయినా అడగాలంటే నోరు రాదు. నువ్వైతే ఏం చేస్తావు?"

నేను కాఫీ కప్పు కడిగి బోర్లించి ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఆదివారం. చర్చికి పోలేదు. గట్టు మీద నా ఇంటి పక్కన చదునైన చోటు ఒక్కటే ఉంది, అందులో చిక్కుడు వేశాను. ఇంకా పూత మీద ఉంది. కాసినంత వరకు కోసి బుట్టలో పోశాను. తీగలు కోసి కోళ్ళకి వేశాను. గుంజలు పీకి కంచె వారగా పేర్చాను. గోతులు కాలితో తొక్కి చదును చేశాను. అడుగులేసి కొలిస్తే ఇరవై రెండడుగుల ట్రైలరు పడుతుంది. చర్చి గంట వినబడేసరికి గాలి పంపు పికప్‌లో వేసుకుని కిందికి దిగాను.